మందు, మత్తు, మనస్సు

తెలుగు భాషలో 'మందు' వంటి చిత్రమైన మాట మరొకటి అరుదు. రోగికి వైద్యుడిచ్చేదీ మందే. పత్తిచేనిలో పురుగుమీద చల్లేదీ మందే. తుపాకిలో కూరేదీ మందే. సాయంకాలం దుకాణంలో గ్లాసులో పోసేదీ మందే. మన పూర్వులు ఏమి ఆలోచించి ఇన్ని అర్థాలను ఒక్క మాటలో ఇమిడ్చినారో గాని, ఈ నానార్థాలన్నీ ఒక్కచోట కూడి నిలిచిన ప్రదేశమేదని ఎవరైనా అడిగితే, ముప్పది ఏండ్లుగా తెలుగు పాఠం చెప్పుకొని బ్రతుకుతున్న నేను నా కాపురమున్న సంగారెడ్డి–పటాన్‌చెరు సీమనే చూపుతాను.

హైదరాబాదునుండి బొంబాయి పోయే రహదారిమీద ఇటు పటాన్‌చెరు, పాశమైలారం, అటు లోపలికి పోతే బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం. మెతుకుసీమలోని ఈ ఊళ్ళు ఒకప్పుడు చెరువులకు పేరుపొందినవి. ఇప్పుడు ఔషధ కర్మాగారాలకు పేరుపొందినవి. దేశవిదేశాలలో రోగులు మింగే మాత్రలకు మూలద్రవ్యం ఇక్కడ బస్తాలలో, పీపాలలో తయారవుతున్నది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధికేంద్రంనుండి వెలువడే నీటిని పరీక్షించి, అందులో సిప్రోఫ్లాక్ససిన్ అనే ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించినప్పుడు లోకమంతా మనవైపు చూచింది. ఆ కథ వేరు. నేనిప్పుడు వ్రాయబూనినది నీటిలో కలిసిన మందును గూర్చి కాదు. కల్లులో కలిసిన మందును గూర్చి, అది త్రాగిన పిల్లల మనస్సును గూర్చి.

ఆరేడేండ్ల క్రిందటి మాట. ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరంలో ఒక విద్యార్థి ఉండేవాడు. పద్యం చదివితే తరగతి నిశ్శబ్దమయ్యేది. తండ్రి ఒక కర్మాగారంలో షిఫ్టులమీద పనిచేసేవాడు. తల్లి కూలికి పోయేది. దసరా సెలవుల తరువాత ఆ కుర్రవాడు ముందు బల్ల విడిచి చివరి బల్లకు చేరినాడు. పాఠం మధ్యలో తల వాల్చేవాడు. 'రాత్రిళ్ళు ఏ రాచకార్యాలు వెలగబెడుతున్నావోయ్' అని నేను పరిహాసమాడితే తరగతి నవ్వింది, వాడు నవ్వలేదు. ఒకనాటి మధ్యాహ్నం దగ్గరకు పోతే కల్లు వాసన కొట్టింది. తండ్రికి కబురు పంపినాను.

ఆయన వచ్చి చేతులు కట్టుకొని నిలుచున్నాడు. నేను పెద్దమనిషి ధోరణిలో సలహా చెప్పినాను: "నాలుగు రోజులు ఇంట్లో పెట్టి తాళం వేయండి. ఎక్కడికీ పోనీయకండి. అదే మానుతుంది." ఆయన నా మాట మన్నించి అట్లే చేసినాడు. మూడవనాడు పిల్లవానికి మూర్ఛ వచ్చింది. నాలుక కొరుక్కొన్నాడు. ఒళ్ళంతా వణకుతూ, గోడమీద లేని వాటిని చూపి కేకలు పెట్టినాడట. ప్రాణం దక్కింది గాని, ఆ తాళం వేయించినవాడిని నేను. ఈ వ్యాసం వ్రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే.

మూర్ఛ ఎందుకు వచ్చిందో నాకు తరువాత తెలిసింది. నిజమైన కల్లు మానితే సాధారణంగా అంత ఉపద్రవం రాదు. ఈతచెట్టునుండో తాటిచెట్టునుండో తెల్లవారగానే దింపిన కల్లులో మత్తు స్వల్పం. కాని గిరాకీ పెరిగి చెట్లు తరిగిన చోట, ఉన్న కల్లుకు నీరు చేర్చి, నురుగుకు ఒకటి, తీపికి ఒకటి, మత్తుకు ఒకటి కలుపుతారు. చెట్టెక్కి ప్రాణాలొడ్డే గీతకార్మికునికి ఇందులో పాలు తక్కువ. చెట్టు ముఖమైనా చూడని వ్యాపారికే ఎక్కువ. జనం దీనిని 'మందు కల్లు' అంటారు. ఆ పేరు అక్షరాలా నిజం. మొదట కలిపినది క్లోరల్ హైడ్రేట్. 1832లో లీబిగ్ అనే జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు దానిని తయారుచేయగా, 1869లో లీబ్రైక్ అనే మరొకడు దానికి నిద్రపుచ్చే గుణమున్నదని చెప్పినాడు. పిమ్మట వచ్చినది డయాజిపాం. మన పల్లెలలో దానికి డైజోఫాం అని పేరు. అది 1963లో ఆందోళనకు ఔషధంగా లోకానికి వచ్చింది. ఆ కుటుంబంలోనే పుట్టిన ఆల్ప్రాజోలం 1981లో అమెరికా బజారులో ప్రవేశించి, కాలక్రమంలో మన కల్లు కుండలో ప్రవేశించింది. వైద్యులు దానిని సాధారణంగా పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము మాత్రలుగా వ్రాస్తారు. లెక్క కట్టి చూడండి: ఒక్క కిలోగ్రాము పొడిలో అర మిల్లీగ్రాము చొప్పున ఇరువది లక్షల మోతాదులున్నవి. కుండలో పిడికిలితో కలిపేవాడు త్రాసు పట్టుకొని కలుపుతాడా? మత్తుమందుల నిరోధానికి 1985లో చేసిన చట్టం క్రింద దీనిమీద నియంత్రణ ఉన్నది. అయినను ఈ జిల్లాలోనే దొంగచాటుగా దీనిని వండుతుండగా పోలీసులు పలుమార్లు పట్టుకొన్నారు. మందు ఇక్కడిదే, మత్తు ఇక్కడిదే.

మెదడులోని కణాల ఉద్రేకాన్ని అణచి ఉంచడానికి ప్రకృతి గాబా అనే రసాయనాన్ని ఏర్పాటుచేసింది. ఆల్ప్రాజోలం ఆ గాబా చేతికి బలమిస్తుంది. అందువల్లనే గుండెదడ తగ్గుతుంది, భయం తగ్గుతుంది, నిద్ర వస్తుంది. దినదినమూ బయటినుండి బలం అందుతూ ఉంటే మెదడు తన సొంత కళ్ళెం సడలిస్తుంది. ఒక్కసారిగా బయటి బలాన్ని తీసివేస్తే గుర్రం తెగి పరుగెత్తుతుంది. మూర్ఛ, వణకు, మన పాత వైద్యులు సన్నిపాతమని పిలిచిన ఆ మతిచెడిన ప్రలాపం, అన్నీ అప్పుడే వస్తవి. కనుక ఈ మత్తును ఒక్కనాట మాన్పరాదు. వైద్యుని కనుసన్నలలో వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ రావలెను. ఒక్క పిల్లవాని విషయంలో నేను చేసిన పొరపాటు, 2015 సెప్టెంబరులో జిల్లాలకు జిల్లాల మీదుగా జరిగింది. నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్తీ కల్లుమీద ఆబ్కారీశాఖ కఠినచర్య తీసికొన్నది. చర్య మంచిదే. కాని మందు కల్లు దొరకకపోయేసరికి దానికి అలవాటుపడినవారు మూర్ఛలతో, వింత చేష్టలతో ఆస్పత్రుల పాలైనారు. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు అనేకులను తీసికొనిపోవలసి వచ్చింది. ఆ ఎర్రగడ్డ కూడ ఈ బొంబాయి రహదారిమీదనే ఉన్నది! దారిమధ్యనున్న కూకట్‌పల్లిలో 2025 జూలైలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిన సంగతి పాఠకులు మరచి ఉండరు.

ఇంతవరకు చెప్పినది మత్తు కథ. నేను మొదలుపెట్టిన కుర్రవాని కథ ఇంతటితో ముగియదు.

మూర్ఛనుండి తేరుకొన్న తరువాత తండ్రి వానిని వెంటబెట్టుకొని తిరగని చోటు లేదు. ఒకనాడు కళాశాల వరండాలో నన్ను నిలిపి అన్నాడు: "సారూ, తాగుడు మాన్పించే కాడికి తోలుకపోతే, పొలగాడు ఒక్కడే మాట్లాడుకుంటున్నడు, ముందుగాల పిచ్చి డాక్టరుకు చూపియ్యిమన్నరు. ఆ డాక్టరు కాడికి పోతే, తాగుడు మాన్పిచ్చుకొని రా, అప్పుడు చూస్తనన్నడు. నేను యాడికి పోవాలె?" ఆ సంస్థ ఏదో, ఆ వైద్యుడెవరో ఇక్కడ అప్రస్తుతం. ఆయన ప్రశ్న మాత్రం అప్రస్తుతం కాదు.

నేను పిల్లవానిని ఒంటరిగా కూర్చోబెట్టి, ఈసారి పరిహాసం మాని, 'ఎందుకు త్రాగుతున్నావు నాయనా' అని అడిగినాను. చాలసేపు ఊరకున్నాడు. చివరకు, "తాగితేనే అవి ఊకుంటయి సార్" అన్నాడు. 'అవి' ఏమిటని అడిగితే, గొంతులన్నాడు. కల్లు పట్టకముందే, పదవ తరగతి పరీక్షల తరువాతి వేసవినుండి, ఎవరో తనను గూర్చి మాట్లాడుకొంటున్నట్లు వినవచ్చేదట. నిద్ర లేదు. ఎవరికీ చెప్పలేదు. పెద్దనాయన వెంట కల్లు దుకాణానికి పోయిన ఒక సాయంకాలం మొదటిసారి గొంతులు ఆగినవి, నిద్ర పట్టింది. తన రోగానికి తానే వైద్యుడై మందు కనిపెట్టుకొన్నాడన్నమాట. చూడబోతే ఆ కుండలో కలిసినది నిజంగా మనోవైద్యులు వ్రాసే మందే! మోతాదు లేదు, వైద్యుడు లేడు, అసలు రోగానికది మందు కాదు; అంతే తేడా.

దీనికి శాస్త్రంలో ఒక చరిత్ర కలదు. వ్యసనపరులు చాలమంది తమ లోపలి బాధకు తామే మందు వేసికొంటున్నారని 1985లో అమెరికా మనోవైద్యుడు ఖాంట్జియన్ ప్రతిపాదించినాడు. అయితే దారి ఎప్పుడూ ఒకవైపే ఉండదు. స్వీడన్ సైన్యంలో చేరిన 45,570 మంది యువకులను పదునైదేండ్లపాటు గమనించి 1987లో ప్రకటించిన పరిశోధనలో, పదునెనిమిదేండ్ల ప్రాయానికే గంజాయిని విరివిగా వాడినవారికి, వాడనివారికంటె చిత్తవైకల్యం ఆరురెట్లు ఎక్కువగా వచ్చినట్లు తేలింది. అనగా మనోవ్యాధి మత్తుకు దారి తీయవచ్చును. మత్తు మనోవ్యాధికి దారి తీయవచ్చును. రెండింటికీ వేరు ఒక్కటే, అనగా వంశదోషమో, బాల్యంలో తగిలిన దెబ్బో, ఇంటిలోని కలతో, కావచ్చును. ఏది ముందో తేల్చిగాని వైద్యం మొదలుపెట్టమనడం, ఇల్లు తగులబడుతుంటే నిప్పెక్కడ పుట్టిందో విచారించి నీళ్ళు తెస్తామనడం వంటిది.

కౌమారంలోనే ఈ రెండూ కలవడానికి కారణమున్నది. మనుష్యులకు జీవితంలో వచ్చే మానసిక రుగ్మతలలో సగం పదునాలుగేండ్ల లోపుననే మొదలవుతవని 2005లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చినారు. మన దేశంలో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2015–16లో జరిపిన జాతీయ సర్వేలో 13–17 ఏండ్ల పిల్లలలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత కనబడింది. అంటే అరువదిమంది కూర్చున్న తరగతి గదిలో నలుగురు. ఉపాధ్యాయ మిత్రులు రేపు హాజరు పిలిచేటప్పుడు ఈ లెక్క జ్ఞాపకం ఉంచుకోవలెను. మత్తును గూర్చి 2019లో కేంద్రప్రభుత్వం వెలువరించిన సర్వేలో మరొక విషయమున్నది. పీల్చే మత్తుపదార్థాలు, అనగా వైట్‌నర్, పంక్చరు అంటించే సొల్యూషన్, రంగులలో కలిపే థిన్నర్ వంటివి, పెద్దలలో నూటికి 0.58 మంది వాడుతుండగా పిల్లలలో 1.17 మంది వాడుతున్నారు. పెద్దలకంటె పిల్లలు ముందున్న మత్తు ఇదొక్కటే. వర్క్‌షాపులు, గోదాములు వీధివీధినా ఉన్న మనవంటి ప్రాంతంలో ఇవి కొనడానికి పిల్లవాడు ఎవరినీ బతిమాలనక్కరలేదు.

మరి రెండింటికీ కలిపి వైద్యం చేయడమంటే ఏమి? మా కుర్రవాని విషయంలో చివరకు నగరంలోని ఒక పెద్ద ఆస్పత్రిలో అది ఎట్లా జరిగిందో చూచినాను కనుక చెప్పగలను. అక్కడి వైద్యురాలు 'ముందు అది, తరువాత ఇది' అనలేదు. ఒకే పుస్తకంలో రెండు జబ్బులూ వ్రాసికొన్నది. ఆల్ప్రాజోలం ఒక్కసారిగా తీయక, నిదానంగా పనిచేసే సజాతీయ ఔషధాన్ని ఇచ్చి, వారంవారం తగ్గిస్తూ వచ్చింది. అదే వారంలో గొంతులకు వేరే మందు మొదలుపెట్టింది. తల్లిదండ్రులను వేరుగా కూర్చోబెట్టి, ఇది పొగరు కాదు, రోగమని చెప్పింది. పిల్లవానితో మాటలాడిన తీరు నాకు మరీ నచ్చింది. 'త్రాగవద్దు' అన్న మాట ఆమె నోట నేను వినలేదు. త్రాగితే నీకు కలిగే మేలేమిటి, కీడేమిటి, రెండేండ్లకు నీవు ఎట్లా ఉండదలచినావు అని అడిగి, జవాబు వానిచేతనే చెప్పించేది. నడుమ ఒకసారి వాడు మళ్ళీ దుకాణానికి పోయివచ్చినాడు. తండ్రి చేయి లేపబోతే ఆమె వారించి, 'మధుమేహం ఉన్నవాడు లడ్డు తింటే కొడతామా? ఆ రోజు ఏమి జరిగిందో అడుగుదాం' అన్నది. అడిగితే తెలిసింది: నోరెండిపోతున్నదని, మగతగా ఉన్నదని గొంతుల మందు తానే మానివేసినాడట. గొంతులు మళ్ళీ వచ్చినవి. వాటి వెనుక కల్లు వచ్చింది. రెండు జబ్బులనూ ఇద్దరు వేర్వేరుగా చూస్తూ ఉంటే, ఈ ముడి ఎవరి కంటబడేది?

అందరి విషయమూ ఒకే మూసలో ఉండదు. ఒక పిల్లవాని దుఃఖం మత్తువల్లనే కలిగినదైతే, మాని కొన్ని వారాలు గడిచేసరికి తగ్గుతుంది; తగ్గనిది అసలు కుంగుబాటు. అది తేలేవరకు వైద్యుడు కనిపెట్టుకొని ఉండవలెనే గాని, 'మాని రా' అని ఇంటికి పంపరాదు. ఆ వారాలలోనే ఆత్మహత్యాపాయం ఉండవచ్చును. చావు తలపు వస్తున్నదా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినవారమవుతామన్నది వట్టి అపోహ. అడిగినందువల్ల చెప్పుకొనే వీలు కలుగుతుంది. ఇంకొందరు పిల్లలు చిన్ననాటినుండి కుదురు లేనివారు, ధ్యాస నిలుపలేనివారు. మనం అల్లరివాండ్రని ముద్ర వేసినవారు. వారికి మత్తు తొందరగా అంటుకొంటుంది. వారి అశ్రద్ధకు వాడే మందులలో కొన్ని దుర్వినియోగానికి లోనయ్యేవే కనుక వైద్యుడు ఎంచి ఇవ్వవలసి ఉంటుంది.

ఆ తండ్రి వేసిన 'యాడికి పోవాలె' అన్న ప్రశ్నకు వస్తాను. చట్టం దృష్టిలో ఈ రెండు గడపలూ లేవు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం, మత్తుమందుల దుర్వినియోగంవల్ల కలిగే మనఃస్థితులను కూడ మానసిక రుగ్మత నిర్వచనంలోనే చేర్చింది. ఆచరణలో మాత్రం, మత్తు మాన్పే కేంద్రాలలో అధికభాగానికి డబ్బిచ్చేది కేంద్రంలో సామాజిక న్యాయశాఖ. మానసిక వైద్యం నడిపేది ఆరోగ్యశాఖ. టెలిఫోను చేయదలచినవారికి కూడ రెండు నంబర్లు: మత్తుకు 14446, మనస్సుకు 14416. రెండూ ఉచితమే, రెండూ ఉపయోగకరమే. అవసరమున్నవారు తప్పక వాడుకోవలెను. ఉన్నది ఒక్క పిల్లవాడు. వాడు ఏ నంబరు త్రిప్పవలెను? నా మట్టుకు నేను మొదట మనస్సు నంబరు త్రిప్పి, మత్తు సంగతి కూడ దాచక చెప్పమంటాను. జిల్లాకొక చోటనైనా ఒకే గదిలో ఒకే వైద్యుడు రెండింటినీ చూచే ఏర్పాటు, అందునా పిల్లలకు ప్రత్యేకంగా, ఉండవలసినది. తిండికి కూలిమీద ఆధారపడినవాడు నెలనెలా ఒక పూట పని మాని, బస్సు ఛార్జీలు పెట్టుకొని నగరానికి ఎన్నాళ్ళు తిరుగగలడు?

పాఠశాలలలో ఏటేటా జూన్ 26న ఊరేగింపు తీస్తాము. పుర్రె బొమ్మలు పట్టుకొంటాము, ప్రతిజ్ఞ చేయిస్తాము. నేనూ చేయించినాను. ఆ వరుసలో నిలుచుండి ప్రతిజ్ఞ చదివిన పిల్లలలో గొంతులు వినేవాడు ఒకడున్నాడేమో ఆ బొమ్మ చూచి చెప్పుకొంటాడా? మన పని పరిశోధక పోలీసు పని కాదు. చక్కగా చదివేవాడు చతికిలబడితే, మాటకారి మూగవాడైతే, స్నేహితులను విడిచి ఒంటరిగా తిరిగితే, మొదటి ప్రశ్న 'ఏమి త్రాగినావు' అన్నది కారాదు, 'నిద్ర పడుతున్నదా' అన్నది కావలెను. విన్నది ఉపాధ్యాయుల గదిలో ముచ్చటగా మారరాదు. పేరు కొట్టివేసి పంపించడం తేలిక. కొట్టివేసిన పేరు దుకాణంలో పలుకుతుంది. కఠినత్వం చూపదలచినవారికి వేరే తావున్నది: పిల్లలకు మద్యమో, మత్తుమందో, పొగాకో ఇచ్చినవానికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని 2015 నాటి బాలల న్యాయచట్టం 77వ సెక్షను చెప్పుతున్నది.

విద్యార్థులకొక మాట. మీ స్నేహితుడు ఇటువంటి మత్తులో ఉన్నాడని తెలిస్తే, నావలె 'ఈ రోజే మానేయి' అని పందెం కట్టకండి. పెద్దవారితో చెప్పి వైద్యునివద్దకు నడిపించండి. అది చాడీ కాదు.

ఆ కుర్రవాడు ఒక సంవత్సరం నష్టపోయినా పరీక్ష వ్రాసినాడు, తరువాత డిగ్రీలో చేరినాడు. మందు ఇప్పటికీ వాడుతున్నాడు. ఈ మాట నేను మొదటి అర్థంలోనే వాడినాను. అప్పట్లో నెలకొకసారి ఆస్పత్రికి పోవడానికి సెలవు చీటీ తెచ్చి నా బల్లమీద పెట్టేవాడు. మొదటి చీటీలో కారణం 'జ్వరం' అని వ్రాసి ఉన్నది. 'ఏమి వ్రాయమంటారు సార్' అని తలవంచుకొని అడిగినాడు. నేను కలం తీసి జ్వరం కొట్టివేసి, 'వైద్యం నిమిత్తం' అని వ్రాసి సంతకం చేసినాను. రెండవ నెల చీటీలో ఆ మాట వాడే వ్రాసికొని తెచ్చినాడు.